పాత జావా, యెజ్డీ రీస్టోరేషన్: రంగు చివర, ఇంజిన్ ముందు

“తాతగారి జావా షెడ్డులో పడి ఉంది, ఎలా బాగుచేయించాలి?” అని అడిగేవాళ్లలో సగం మంది వెంటనే వేసే రెండో ప్రశ్న రంగు గురించే. మెరూన్ ఏ షేడు, బంగారు గీతలు ఎవరు గీస్తారు, క్రోమ్ ఎక్కడ బాగుంటుంది. చాలా బళ్లు ఆగిపోయేది అక్కడే. మెరిసే ట్యాంకు పెట్టాక ఇంజిన్ మళ్లీ దించాల్సి వస్తుంది, గీతలు పడతాయి, డబ్బులు అయిపోతాయి, బండి మళ్లీ షెడ్డులోకి పోతుంది.

ఇక్కడ రాసింది మైసూరులో తయారైన పాత 250 సీసీ టూ స్ట్రోక్ జావా, యెజ్డీల గురించి. 2018 నుంచి వచ్చిన కొత్త జావాల పార్టులు వీటికి పట్టవు, ఆ షోరూముల చుట్టూ తిరగకండి.

## 1. ముందు కాగితాలు

బండి ఎంత ముద్దొచ్చినా పానా పట్టే ముందు ఆర్‌సీ బుక్కు తెరవండి. హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేమ్ మీద కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజిన్ మీద ఉన్న నంబరు పుస్తకంలోని వాటితో కలవాలి. ముప్ఫై నలభై ఏళ్లలో ఏదో ఒక మెకానిక్ దగ్గర ఇంజిన్ మారిపోయి ఉండటం మామూలే. మారిన విషయం ఆర్‌సీలో ఎక్కిందా లేదా అన్నదే ప్రశ్న.

తుప్పు ఉంటే నంబరు మీద గ్రైండర్ పెట్టొద్దు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది.

- బండి మీ పేరు మీద లేకపోతే, అమ్మేవాళ్ల సంతకంతో ఫారం 29, 30.
- యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31, దాంతోపాటు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం.
- 15 ఏళ్లు దాటి రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటే రెన్యువల్‌కు ఫారం 25. బండిని ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి కాబట్టి ఇది పని అంతా అయ్యాకే.
- మూడక్షరాల పాత నంబరు ఆన్‌లైన్‌లో కనపడకపోతే కంగారు వద్దు. పుస్తకం పట్టుకుని ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లి రికార్డు ఎక్కించమని అడగాలి. ఈ పనికి తిప్పుతారు, కాబట్టి మొదటి వారంలోనే మొదలుపెట్టండి.

బండి మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటితే 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ముందే రిజిస్టరై ఉన్న బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే అలా నమోదైన బండిని రోజూ ఆఫీసుకు తోలడానికి లేదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కాలి. పైగా ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. ఆదివారం ఉదయం కాస్త తిరిగి వద్దామనుకునేవాళ్లకు మామూలు రెన్యువలే నయం.

కాగితాలే లేని బండిని “చవగ్గా వస్తోంది” అని కొనకండి. విడిభాగాల కోసమైతే అది వేరే లెక్క.

## 2. చోటు, పనిముట్లు, పుస్తకం

విప్పిన బండి నిలబడి ఉన్న బండికి మూడింతలు చోటు తింటుంది. వాన పడని, పిల్లలు రాని మూల ఒకటి కావాలి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, నెలల తరబడి ఆ మూల మీది.

- మి.మీ. రింగు పానాలు, బాక్సు పానాలు
- ఇంపాక్ట్ స్క్రూ డ్రైవర్: ఇంజిన్ కవర్ల గాడి స్క్రూలు మామూలు దానితో తిప్పితే తలలు అరిగిపోతాయి
- జావా క్లచ్, మ్యాగ్నెట్‌లకు సరిపోయే పుల్లర్లు
- ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), వెర్నియర్, మల్టీమీటర్
- జిప్ కవర్లు, మార్కర్, ఫోన్ కెమెరా
- మీ మోడల్ మాన్యువల్, పార్టుల పుస్తకం

చివరిది తప్పనిసరి. పాత జావా, యెజ్డీల్లోని రోడ్‌కింగ్, క్లాసిక్, ఆయిల్‌కింగ్ మోడళ్లు పైకి అన్నదమ్ముల్లా ఉన్నా లోపలి కొలతలు అన్నీ ఒకటి కావు. స్కాన్ చేసిన కాపీలు పాత జావా బళ్ల క్లబ్బుల్లో అడిగితే దొరుకుతాయి. ప్రతి జులై రెండో ఆదివారం జావా యెజ్డీ డేకి ఊరూరా జనం బళ్లతో కలుస్తారు. ఒక్కసారి అక్కడికి వెళ్తే మీ మోడల్ తెలిసిన మెకానిక్ ఎవరో, ఏ పార్టు ఎవరి దగ్గర దొరుకుతుందో సగం తేలిపోతుంది.

## 3. విప్పడం

ఇంజిన్ జామ్ అయి ఉంటే కిక్కు మీద ఎక్కి తొక్కొద్దు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కాస్త డీజిలు పోసి మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపండి.

గేరుబాక్సు ఆయిలు ముందుగా ఒక తెల్ల ప్లాస్టిక్ పళ్లెంలోకి దింపండి. పాలు కలిసిన రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి, బేరింగుల మీద ఆశ పెట్టుకోకండి. ఇనుప ముక్కలు కనపడితే గేర్ల పళ్లు చూడాలి.

ఆ తర్వాత వరస ఇదీ: సీటు, ట్యాంకు, సైలెన్సర్లు, కార్బొరేటర్, వైరింగ్, చైను, ఇంజిన్, చక్రాలు, ఫోర్కు. ప్రతి భాగం తీసే ముందు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో. కేబుళ్లు ఏ పక్కనుంచి వెళ్లాయో ఫోటో లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. నట్టు బోల్టుల్ని ఒకే డబ్బాలో పోయకండి. కవరుకు ఒక భాగం, మీద పేరు.

కొన్ని నట్లకు ఎడమ చుట్టు మర ఉంటుంది. గట్టిగా ఉందని పొడుగు పైపు తగిలించే ముందు మాన్యువల్ చూడండి.

## 4. ఇంజిన్: అసలు పని ఇక్కడే

టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్ కేసులోకి (ఇంజిన్ అడుగున క్రాంకు తిరిగే గది) వచ్చి, అక్కడ ఒత్తుకుని, పైకి పోతాయి. కాబట్టి క్రాంక్ కేసు గాలి చొరబడనంత బిగుతుగా ఉండాలి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పాత జావాల జబ్బుల్లో చాలావాటికి కారణం దొరుకుతుంది.

ఆయిల్ సీళ్లు. ఏళ్లపాటు నిలిచిన బండిలో రబ్బరు సీళ్లు గట్టిపడి పోతాయి. ఎడమ వైపు సీలు పోతే క్లచ్ వైపు ఆయిలు లోపలికి లాగేసి తెల్ల పొగ ఆగకుండా వస్తుంది, గేరుబాక్సులో ఆయిలు తరుగుతుంది. కుడి వైపు సీలు పోతే గాలి పీల్చి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. మెకానిక్ కార్బొరేటర్ మార్చమంటాడు. మార్చినా తగ్గదు. ఇంజిన్ తెరిచారంటే రెండు సీళ్లూ కొత్తవి వేయాల్సిందే, పాతవి “బాగానే ఉన్నాయి” అన్న మాట వినొద్దు.

క్రాంక్. కనెక్టింగ్ రాడ్‌ను నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. టక్ టక్ అని ఆడకూడదు. పక్కలకు కొద్దిగా కదిలితే తప్పు లేదు. ఆడితే రాడ్ కిట్ మార్చాలి. ఈ క్రాంకు ప్రెస్‌తో ఒత్తి కలిపింది, మార్చాక సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో వంకర తీయాలి. సుత్తితో కొట్టి “సెట్ అయింది” అనేవాళ్ల దగ్గర ఇవ్వకండి. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ రాణీగంజ్ చుట్టుపక్కల ఈ పని తెలిసిన లేత్ షాపులు ఉన్నాయి. డయల్ గేజ్ చూపించమని అడగండి, చూపించినవాడికే పని.

బేరింగులు. కేసును వంద డిగ్రీల దాకా వేడి చేస్తే బేరింగు దానంతటదే జారుతుంది. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగరాలి, అదే గుర్తు. చల్లగా ఉన్న అల్యూమినియం కేసులో కొట్టి దించితే గూడు అరుగుతుంది, ఆ తర్వాత ఏ కొత్త బేరింగూ నిలబడదు.

బోరు, పిస్టన్. అసలు బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 65 మి.మీ., స్ట్రోకు 75 మి.మీ. పిస్టన్ ముందు కొనండి, బోరింగ్ తర్వాత చేయించండి. ఓవర్‌సైజు పిస్టన్ చేతికిచ్చి, దాన్ని కొలిచి, దానికి తగినట్టు బోరు కోయమనాలి. ఎంత గ్యాప్ ఉంచాలో మాన్యువల్లో ఉన్న అంకె కాగితం మీద రాసివ్వండి. బోరింగ్ అయ్యాక పోర్టుల (సిలిండరు గోడలోని రంధ్రాలు) అంచుల మీద వేలు పెట్టి చూడండి. కత్తిలా తగిలితే ఆ అంచుల్ని కొద్దిగా గుండ్రం చేయించాలి. చాలా షాపులు ఈ పని వదిలేస్తాయి, ఆ అంచుకు తగిలి కొత్త రింగు విరుగుతుంది.

రింగును ఒంటరిగా బోరులోకి నెట్టి కొనల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి, 0.2 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉండాలి. పిస్టన్ గాడిలో సన్నని మేకు ఉంటుంది, రింగు కొనలు దానికి రెండు పక్కలా కూర్చోవాలి. బ్లాకు దించేటప్పుడు రింగు మేకు మీదికి ఎక్కితే పుటుక్కుమంటుంది. పిస్టన్ మీద బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు చూడాలి.

గ్యాస్కెట్లు. సిలికాన్ పేస్టు దట్టంగా పూయడం మనవాళ్లకు అలవాటు. లోపలికి పిండుకున్న పేస్టు ఊడి దారులకు అడ్డం పడుతుంది. పల్చటి పూత చాలు.

లీకు పరీక్ష. ఇంజిన్ బిగించాక, బండికి ఎక్కించే ముందు చేయండి. ఎగ్జాస్ట్, కార్బొరేటర్ దారుల్ని పాత ట్యూబు ముక్కలు, రేకు బిళ్లలతో మూసేయండి. ఒక దారిలో ట్యూబు గొట్టం పెట్టి, బీపీ చూసే పాత మిషన్ బల్బు, మీటరు దానికి తగిలించి 250 దాకా గాలి కొట్టండి. ముల్లు నిలబడితే ఇంజిన్ బిగుతుగా ఉంది. జారిపోతుంటే అతుకుల మీద సబ్బు నీళ్లు పోయండి, బుడగలు ఎక్కడ వస్తే అక్కడ లీకు. ఖర్చు లేని ఈ పరీక్షను దాదాపు ఎవరూ చేయరు.

క్లచ్, కిక్కు. జావాలో గేరు రాడ్డే కిక్కు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది, తొక్కి వదిలాక మళ్లీ గేరు స్థానానికి రావాలి. రాకుండా వేలాడుతుంటే లోపలి స్ప్రింగు, పళ్లు అరిగాయి. గేరు రాడ్డు కదిలించినా క్లచ్ విడిపోయే ఏర్పాటు కూడా ఉంది. దాని సెట్టింగు తప్పితే గేరు పడేటప్పుడు కరకరమంటుంది. కవరు మూసే ముందు ఈ రెండూ చేత్తో ఆడించి చూడాలి.

సైలెన్సర్లలో నల్లటి మసి గట్టిపడి ఉంటుంది. లోపలి గొట్టం లాగి, గ్యాస్ టార్చ్‌తో కాల్చి, గీకండి. ఇది వదిలేస్తే ఇంజిన్ ఎంత బాగున్నా బండి లాగదు.

## 5. ట్యాంకు, కార్బొరేటర్

ట్యాంకు లోపల తుప్పుంటే గుప్పెడు చిన్న నట్లు వేసి, పాత దుప్పటిలో చుట్టి, బాగా కుదిపి కక్కించండి. తర్వాత తెల్ల వెనిగర్ నిండా పోసి రెండు మూడు రోజులు ఉంచాలి. పారబోశాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, టూటీ ఆయిలు (టూ స్ట్రోక్ బళ్లకు పెట్రోల్లో కలిపేది) లోపలంతా పట్టించండి. గంటసేపు తడిగా వదిలితే తుప్పు మళ్లీ లేస్తుంది.

చిల్లులుంటే వెల్డింగుకు ఇచ్చే ముందు ట్యాంకును వేడినీళ్లతో పదేపదే కడగాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి పేలుతుంది. తెలిసినవాడి చేతే చేయించండి.

కార్బొరేటర్ జెట్లలో సూది పెట్టి గుచ్చొద్దు, గాలి కొట్టండి. స్లైడు దాని గూట్లో గలగల ఆడుతుంటే ఐడిలింగ్ ఎప్పటికీ నిలబడదు, అప్పుడు మార్చడమే.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్ని, వాషర్లని మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు కొత్తవి వేయండి. నెల దాటి బండి తీయనప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

## 6. కరెంటు

పాత మోడళ్లు 6 వోల్టుల డైనమోతో నడుస్తాయి, స్పార్కుకు బ్యాటరీ కావాలి. బ్యాటరీ చచ్చిన బండికి పాయింట్లు (తెరుచుకున్నప్పుడు స్పార్కు వచ్చే కాంటాక్టులు) సెట్ చేస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది, అంతే.

పాత వైరింగ్‌ను అతుకులేసి నడపకండి, మొత్తం కొత్త వైరింగ్ వేయండి. పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. టైమింగ్ సెట్ చేయడానికి వెర్నియర్ లోతు కొలిచే పుల్లను ప్లగ్గు రంధ్రంలో పెట్టి పిస్టన్ పైకి వచ్చే చివరి చోటు పట్టుకోండి. అక్కడినుంచి మీ మోడల్ మాన్యువల్లో ఉన్నన్ని మి.మీ. వెనక్కి తిప్పి, ఆ క్షణంలో పాయింట్లు తెరుచుకునేలా బిగించాలి. మల్టీమీటరు బీప్ మారడమే సంకేతం.

12 వోల్టుల ఎలక్ట్రానిక్ కిట్లు దొరుకుతున్నాయి. రోజూ తోలేవాళ్లకు అది మంచి మార్పే, నేను తప్పుపట్టను. పాత డైనమో, రెగ్యులేటర్ మాత్రం పారేయకుండా దాచుకోండి.

## 7. ఫ్రేమ్, చక్రాలు, బ్రేకులు

చక్రం విప్పే ముందు రిమ్ము హబ్బుకు ఎంత పక్కకు జరిగి ఉందో కొలిచి రాసుకోండి. కొత్త స్పోకులు కట్టేవాడికి ఆ అంకె ఇవ్వకపోతే నడిమికి కడతాడు, ముందు చక్రం, వెనక చక్రం ఒక వరసలో ఉండవు.

పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. దుమ్మును ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ము అరిగి మెట్టు పడితే లేత్ మీద సరిచేయించి, లైనర్లు దానికి తగ్గట్టు వేయించాలి.

హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడో పట్టి ఆగినట్టనిపిస్తే కప్పులు, గోళీలు మార్చండి. టైరు కొనేటప్పుడు పక్కన ఉన్న నాలుగంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం. అరుదైన సైజుల్లో ఏళ్లనాటి సరుకు అంటగడతారు.

## 8. రంగు లేకుండా ఒక నెల

చాలామందికి నచ్చని అంచె ఇదే. తుప్పు ఫ్రేమ్‌కే అన్నీ బిగించి బండి నడపండి. ఊరి చివర దాకా, ఎత్తుల మీద, ట్రాఫిక్‌లో. సైలెన్సర్ బ్రాకెట్టు కుదరకపోవడం, కొత్త మడ్‌గార్డు రంధ్రాలు కలవకపోవడం, చైను కవరుకు రాసుకోవడం ఇప్పుడే బయటపడాలి. వెల్డింగు, కోత, డ్రిల్లింగు ఏదైనా ఇప్పుడే.

ఈ నెలలో కనపడే గుర్తులు:

- తెల్ల పొగ తగ్గట్లేదు, గేరు ఆయిలు తరుగుతోంది: ఎడమ సీలు.
- యాక్సిలరేటర్ వదిలినా అరుపు: కుడి సీలు, లేదా కార్బొరేటర్ అతుకు దగ్గర గాలి.
- చల్లగా స్టార్టవుతుంది, వేడెక్కాక అవదు: కండెన్సర్, కాయిల్.
- నాలుగు వీధులు తిరిగి ఆగిపోతుంది, ట్యాంకు మూత తెరిస్తే మళ్లీ నడుస్తుంది: మూతలో గాలి రంధ్రం మూసుకుంది.
- ప్లగ్గు తెల్లగా: గాలి ఎక్కువ, వెంటనే ఆపండి. నల్లగా, తడిగా: పెట్రోలు లేదా ఆయిలు ఎక్కువ. బిస్కెట్ రంగైతే సరిగ్గా ఉంది.

## 9. ఇప్పుడు రంగు, క్రోమ్

మళ్లీ మొత్తం విప్పాలి. ఈసారి ఒకటి రెండు రోజుల పనే, అన్నీ చేతికి అలవాటైపోయి ఉంటాయి.

క్రోమ్ షాపుకు ఇచ్చే ప్రతి ముక్కనూ వరసగా నేల మీద పేర్చి ఫోటో తీసి, లెక్క రాసి, సంతకం తీసుకోండి. చిన్న ముక్కలు అక్కడ పోవడం అంత మామూలు విషయం మరొకటి లేదు. బఫింగ్ ఎక్కువైతే అంచులు, అక్షరాలు అరిగిపోతాయి, ఆ మాట ముందే చెప్పాలి. రాగి, నికెల్, ఆపైన క్రోమ్ ఈ వరసలో వేస్తేనే నిలుస్తుంది. నట్టు బోల్టులకు క్రోమ్ వద్దు, జింక్ ప్లేటింగ్ చాలు.

ఫ్రేమ్ రంగుకు ఇచ్చేటప్పుడు:

- ఛాసిస్ నంబరు మీద పుటీ, మందపు పౌడర్ కోటింగ్ పడకూడదు. టేపు వేయించండి.
- బేరింగు గూళ్లు, మరలు, బుష్‌ల చోట్లు మూయించాలి.
- ఎర్త్ వైరు తగిలే చోట రంగు గీకేయాలి. కొత్త రంగు వేశాక హారన్ మోగలేదంటే నూటికి తొంభై ఇదే.
- ట్యాంకు మీద గీతలు చేత్తో గీయించి, ఆపైన పెట్రోలుకు చెదరని క్లియర్ కోటు వేయించండి. స్టిక్కరు గీతలు దూరం నుంచే తెలిసిపోతాయి.

రంగు బాగా గట్టిపడే దాకా బిగించొద్దు. పెయింటర్ “రేపే బిగించుకోండి” అంటాడు. వారం ఆగండి.

## 10. మొదటి 500 కిలోమీటర్లు

లీటరు పెట్రోలుకు 50 మి.లీ. టూటీ ఆయిలు, ఆ తర్వాత 40 మి.లీ. ఆయిల్‌కింగ్‌కు వేరే ఆయిలు ట్యాంకు, పంపు ఉంటాయి. పంపు పనిచేస్తోందని నమ్మకం కుదిరేదాకా దానికీ పెట్రోల్లో కలిపే పోయండి. ముందు ఆయిలు కొలిచి, కాస్త పెట్రోల్లో కలిపి, తర్వాత ట్యాంకులో పోస్తే అడుగున పేరుకోదు.

మొదటిసారి స్టార్ట్ చేసి, బ్లాకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కగానే ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడు సార్లు. చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించాలి. యాభై స్పీడు దాటొద్దు, అలాగని టాప్ గేరులో గుడగుడమంటూ ఎత్తులు ఎక్కించొద్దు.

శ్రీశైలం, అరకు ఘాట్లు దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే పెట్రోలుతో వచ్చే ఆయిలు కూడా ఆగిపోతుంది, ఇంజిన్ మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో క్లచ్ పట్టి కొద్దిగా రేజ్ చేయండి. రింగులు కుదురుకునేదాకా అసలు ఘాట్ల జోలికే పోకపోవడం మేలు.

నడుస్తూ నడుస్తూ బండి ఒక్కసారిగా బలం తగ్గి కీచుమంటే పిస్టన్ పడుతోందని అర్థం. ఆలోచించకుండా క్లచ్ నొక్కి పక్కకు ఆపండి. అరగంట చల్లారనిచ్చి, కిక్కు చేత్తో మెల్లగా తిరుగుతోందో లేదో చూసి, అప్పుడే స్టార్ట్ చేయాలి. ఇంటికొచ్చాక ఎగ్జాస్ట్ పైపు తీసి టార్చిలైటుతో పిస్టన్ పక్కలు చూడండి. నిలువు గీతలు ఉంటే బ్లాకు మళ్లీ తీయాలి. లేకపోతే జెట్టు, టైమింగ్, సీళ్లు ఇదే వరసలో చూసుకుని మళ్లీ రోడ్డెక్కండి.